వడ్డీ లేని అప్పు: చట్టము తెరచిన తలుపులు, మూసిన తలుపులు

మన సమావేశాలలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటి గలదు. దుబాయిలో ఉంది, మలేషియాలో ఉంది, ఆఖరుకు ఇంగ్లండులో కూడా ఉంది, మన దేశంలో ఇస్లామీ బ్యాంకు ఎందుకు లేదు? దీనికి రెండు జవాబులు వినబడుతూ ఉంటాయి. మనలో ఐకమత్యము లేదు గనుక అని కొందరు, ప్రభుత్వానికి ఇష్టము లేదు గనుక అని మరికొందరు. రెంటిలోనూ కొంత నిజము లేకపోలేదు. కాని చరిత్ర తిరగవేసి చూస్తే అసలు సంగతి ఇంకొకచోట కనబడుతుంది. అప్పు అంటే ఏమిటి, బ్యాంకు అంటే ఏమిటి అని చట్టములో వ్రాసిన నాలుగు పంక్తులలో అది దాగి ఉన్నది. ఆ పంక్తులు ఎవరు, ఏ కాలములో, ఎందుకు వ్రాసినారో మన అనంతపురం సీమ మీదుగా చెప్పుకొందాము.

మొదట నేల సంగతి. నేల గురించి చెప్పకుండా వడ్డీ గురించి చెప్పడం మన జిల్లాలో కుదరదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పుకొంటారు. ఆ పడేది కూడా అదనుకు పడదు. విత్తిన శెనిక్కాయ పూతకు వచ్చే నాటికి మబ్బు మాయమైతే చేను ఎండుతుంది, కాని అప్పు ఎండదు. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అన్న లెక్క వాన కోసం ఆగదు కదా.

ఈ నేల మీద మన పెద్దలు భూమిని ఇంకొకరి చేతికి ఇచ్చే పద్ధతులు రెండు. గుత్తకు ఇస్తే పండినా ఎండినా ఇన్ని బస్తాలు, లేదా ఇంత రొక్కము అని ముందే కట్టుబాటు. కోరుకు ఇస్తే పండినదానిలో పాలు. పండకుంటే ఇద్దరికీ లేదు. గొర్రెలను, పశువులను పాలుకు ఇచ్చే ఆచారము కూడా ఇట్టిదే. మంద ఒకరిది, మేపు ఇంకొకరిది, పుట్టిన పిల్లలలో ఇద్దరికీ భాగము. అరబ్బీలో ముదారబా, ముషారకా అని పెద్ద పేర్లతో చెప్పే లావాదేవీలు మన రైతుకు కొత్తవి కావన్నమాట. వడ్డీ అప్పు గుత్త వంటిది, ముదారబా కోరు వంటిది. ఫిఖ్‌హ్ పరిభాషలో ఈ పోలిక పూర్తిగా అతకదు. భూమిని బాడుగకు ఇవ్వడం వేరు, డబ్బును ఇవ్వడం వేరు. పైగా కోరు సేద్యమునే ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకోలేదు, ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు ఖైబర్ భూములను సగపాలుకు ఇచ్చిన ఉదాహరణ చూపి ఒప్పుకొన్నారు. కాని నష్టము ఎవరి నెత్తిన పడుతుంది అన్న ఒక్క విషయము తెలుసుకొనుటకు ఈ పోలిక చాలును.

ఇక రాజ్యము సంగతి. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. (అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. బళ్ళారి నుండి విడదీసి 1882లో ఏర్పాటు చేసినారు.) రైత్వారీ పద్ధతిలో సర్కారుకు నేరుగా రైతే బాధ్యుడు, కిస్తు రొక్కములోనే కట్టవలెను. మన్రో మంచివాడన్న పేరు ఈ ప్రాంతంలో నేటికీ ఉంది. శిస్తు నూటికి 25 వంతు తగ్గించమని 1807లోనే ఆయన సిఫారసు చేసినాడు. పైవారు అప్పుడు ఒప్పుకోలేదు. ఆయనే మద్రాసు గవర్నరు అయిన తర్వాత గాని అది అమలు కాలేదు. అయితే తగ్గించినా పెంచినా, కిస్తు గుత్త వంటిదే. గడువు నాటికి చేతిలో రొక్కము లేని రైతు సాహుకారు గడప తొక్కవలసినదే.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. 1800కు ముందు నవాబుల ఏలుబడిలో వడ్డీ లేదు, తెల్లవాడు వచ్చి తెచ్చినాడు అని మన ఉపన్యాసకులు కొందరు అంటూ ఉంటారు. అది చరిత్ర కాదు. హైదరాబాదు దర్బారే సాహుకార్ల అప్పుల మీద నడచినది. విలియం పామర్ కంపెనీ అన్న హైదరాబాదు కొఠీ నిజాం ప్రభుత్వానికి సాలుకు నూటికి సుమారు పాతిక వడ్డీ మీద అప్పులిచ్చిన వ్యవహారము 1820లలో లండను దాకా పోయి రచ్చ అయినది. ఆ బాకీ తీర్చడానికి నిజాము ఉత్తర సర్కారుల మీద తనకు రావలసిన పేష్కషును శాశ్వతముగా వదులుకోవలసి వచ్చింది. కాబట్టి ముస్లిం ప్రభువు ఉన్నంత మాత్రాన వడ్డీ పోదు. దీనిని గుర్తుంచుకోవాలి, ముందు మళ్లీ పనికివస్తుంది.

తెల్లవారి పాలనలో మారినది ఏమంటే, వడ్డీ కాదు, వడ్డీ వెనుక నిలబడిన కోర్టు. మొదట్లో కంపెనీ మద్రాసులో 1802 నాటి రెగ్యులేషను ద్వారా వడ్డీకి సాలుకు నూటికి 12 అని హద్దు పెట్టింది. 1855లో వచ్చిన చట్టము ఆ హద్దులన్నిటినీ ఎత్తివేసినది. తమస్సుకు మీద ఎంత వ్రాసుకొంటే అంత, కోర్టు వసూలు చేసిపెట్టవలెను. 1872లో కాంట్రాక్టు చట్టము వచ్చి ఒప్పందమే దైవము అన్నంత పని చేసింది. ఆ వెనువెంటనే 1876-78 నాటి మహాకరువు. ధాత సంవత్సరపు కరువు అని మన ముసలివాళ్లు చెప్పుకొన్నది అదే. కరువులో అప్పు చేసినవాడు, కరువు తీరాక కోర్టు కాగితము మీద భూమి పోగొట్టుకొన్నాడు. పూనా, అహమద్‌నగర్ వైపు రైతులు 1875లో సాహుకార్ల పత్రాలు తగలబెడితే 1879లో అక్కడ రైతుల రక్షణకు ఒక చట్టము వచ్చింది. మన మద్రాసు వైపు రైతులు తగలబెట్టలేదు, చట్టమూ రాలేదు.

ముస్లిములకు సంబంధించినంత వరకు ఇంకొక సంగతి కూడా జరిగింది, అది చాలామంది గమనించలేదు. కంపెనీ నాటి నుండి కోర్టులలో షరియత్‌కు చోటు పెండ్లి, వారసత్వము, వక్ఫు వంటి వాటికే పరిమితమవుతూ వచ్చింది. 1937లో షరియత్ అప్లికేషన్ చట్టము వచ్చినప్పుడు మన పెద్దలు చాలా సంతోషించినారు. ఆ చట్టము రెండవ సెక్షను చదివి చూడండి. వారసత్వము, స్త్రీల ఆస్తి, నికాహ్, తలాఖ్, మెహర్, భరణము, సంరక్షకత్వము, దానము, ట్రస్టు, వక్ఫు – ఇవి ఉన్నాయి. అప్పు లేదు, వ్యాపారము లేదు, రిబా ప్రసక్తే లేదు. అంటే మన ఇంటి లోపలి సంగతులకు షరియత్, ఇంటి గడప దాటి అంగడికి పోతే 1872 నాటి కాంట్రాక్టు చట్టము. ఆనాడు ఆ పట్టికలో లావాదేవీలను చేర్చమని గట్టిగా అడిగినవారు కనబడరు. అడిగినా ఇచ్చేవారు కారేమో, అది వేరు మాట.

రైతు గోడు ప్రభుత్వము వినలేదని కాదు. ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వము కోరగా యూరపు పరపతి సంఘాలను చూసివచ్చి 1890లలో పెద్ద నివేదిక వ్రాసినాడు. దాని ఫలితముగా 1904లో సహకార పరపతి సంఘాల చట్టము వచ్చింది. సహకారము అన్న మాట వినుటకు చాలా ఇంపుగా ఉంటుంది, మన ధర్మానికి దగ్గరగా కూడా ఉంటుంది. కాని ఆ సంఘాల పునాది కూడా వడ్డీయే. సాహుకారు వడ్డీకన్నా తక్కువ వడ్డీ, అంతే. దీక్షగా సూద్ ముట్టని ముస్లిము రైతు ఆ సంఘములో చేరవలెనా, వద్దా? చేరకపోతే నష్టము తనదే, పోవలసినది మళ్లీ సాహుకారు దగ్గరికే, అక్కడా వడ్డీయే. ఈ ఇరకాటములో రైతును పెట్టినది ధర్మమూ కాదు, దారిద్ర్యమూ కాదు. మూడవ దారి కట్టని చట్టము.

మద్రాసు రాష్ట్రములో నిజమైన ఊరట 1938లో వచ్చినది. రాజాజీ మంత్రివర్గము చేసిన వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టము అది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ బాకీ అంతా రద్దు. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పే తీరినట్లు లెక్క. హిందూ ధర్మశాస్త్రములోని దామ్‌దుపట్ అన్న పాత సూత్రము, అనగా వడ్డీ అసలును మించరాదన్నది, దీనికి చుట్టమే. మన దత్తమండలాలకు కూడా ఈ చట్టము వర్తించినది. చూడండి, ఒక ధర్మశాస్త్రములోని వడ్డీ కట్టుబాటును పోలినది ఆధునిక చట్టములోకి రాగలిగింది. ఇది మతానికి సంబంధించినది, దీనికి తావు లేదు అని అప్పుడు ఎవరూ అనలేదు. రైతు కష్టము పేరుతో వచ్చింది గనుక వచ్చింది. ఇందులో మనకు ఒక పాఠము ఉంది.

ఇక తుంగభద్రకు ఆవల, నిజాము రాజ్యములో ఏమి జరుగుచున్నది? 1800 వరకు ఒకటిగా ఉన్న మనకూ వారికీ ఇప్పుడు రాజు వేరు, చట్టము వేరు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో వడ్డీ లేని ఆర్థిక వ్యవస్థను గూర్చి గంభీరమైన ఆలోచన సాగినది. మౌలానా మనాజిర్ అహసన్ గీలానీ అక్కడి మతశాస్త్ర విభాగములో ఉండి ఇస్లామీ మఆషియాత్ అన్న గ్రంథము వ్రాసినారు. అర్థశాస్త్ర శాఖాధిపతి అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతము మీద 1940ల నడుమ ఇంగ్లీషులో గ్రంథము ప్రకటించినారు. న్యాయశాస్త్రము బోధించిన డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా 1944లో ఆజంగఢ్ నుండి వెలువడే మఆరిఫ్ పత్రికలో వడ్డీ లేని అప్పుల సంఘాలను గూర్చి వ్యాసము వ్రాసినారు. ఇవి గాలిలో కట్టిన మేడలు కావు. హైదరాబాదులో సభ్యులు చందా వేసుకొని, వడ్డీ లేకుండా ఒకరికొకరు అప్పు ఇచ్చుకొనే సంఘాలు నిజముగా నడుస్తూ ఉండినవి. దుబాయి ఇస్లామీ బ్యాంకు 1975లో గదా పుట్టింది. అంతకు ముప్ఫై ఏండ్ల ముందే మన తెలుగు నేల మీది ఒక విశ్వవిద్యాలయములో ఈ చర్చ సాగినదని నేటి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

1948లో రాజకీయము మారింది. హమీదుల్లాగారు హైదరాబాదు తరఫున ఐక్యరాజ్య సమితికి పోయిన బృందములో ఉండిరి, మళ్లీ తిరిగి రాలేదు. పారిస్‌లో స్థిరపడి, 2002లో అమెరికాలో కన్నుమూసినారు. ఖురేషీగారు పాకిస్తానుకు పోయినారు. ఆలోచన చేసినవారు చెదరిపోయినారు, ఆలోచన మాత్రం వారితోపాటు విదేశాలకు పోయి అక్కడ బ్యాంకులై మొలకెత్తింది. ఇక్కడ మిగిలినవి చిన్న సంఘాలు. వాటి మీద ఇప్పుడు అమలయ్యేది ఢిల్లీ చట్టము.

ఆ ఢిల్లీ చట్టము 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టము. కొంచెము ఓపిక పట్టి చదవవలసిన చోటు ఇదే. అయిదవ సెక్షను బ్యాంకింగ్ అంటే ఏమిటో చెబుతుంది: అప్పు ఇచ్చుటకో పెట్టుబడి పెట్టుటకో ప్రజల నుండి డిపాజిట్లు తీసుకొనుట, అవి తిరిగి చెల్లించవలసినవై ఉండుట. ముదారబాలో సొమ్ము వేసినవాడు లాభములోనూ నష్టములోనూ భాగస్థుడు. నష్టము వస్తే అతని సొమ్ము తరిగిపోవచ్చును. చట్టమేమో వేసిన సొమ్ము తిరిగి ఇవ్వవలసిందే అంటుంది. ఎనిమిదవ సెక్షను ప్రకారము బ్యాంకు సరుకులు కొని అమ్మరాదు. మురాబహా అంటేనే సరుకు కొని లాభము వేసి అమ్ముట. తొమ్మిదవ సెక్షను ప్రకారము తన వాడకానికి తప్ప స్థిరాస్తిని ఏడేండ్లకు మించి ఉంచుకోరాదు. ఇల్లు కొని వాయిదాల మీద ఇచ్చే ఇజారాకు అక్కడ అడ్డు. వీటన్నిటి పైన, ప్రతి బ్యాంకూ తన సొమ్ములో కొంత ప్రభుత్వ సెక్యూరిటీలలో పెట్టి తీరవలెను, వాటి మీద వచ్చేది వడ్డీయే. ఇస్లామీ బ్యాంకును నిషేధిస్తున్నాము అన్న మాట చట్టములో ఎక్కడా లేదు. ఆ మాట అవసరము లేకుండానే పని అయిపోయింది. వ్రాసినవారికి మన మీద కోపమూ లేదు. అంతకుముందు బ్యాంకులు సరుకుల బేరములో దిగి కూలిపోయి పేదల సొమ్ము మునిగిన అనుభవము చూసి, డిపాజిటుదారును కాపాడుటకు వ్రాసినారు. ఆ ఉద్దేశము మంచిదే.

ఇంకొక చిన్న సెక్షను సంగతి చెప్పకుండా ఉండలేము. ప్రామిసరీ నోట్లకు సంబంధించిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టములో 80వ సెక్షను గలదు. నోటులో వడ్డీ రేటు వ్రాయకపోతే గడువు తేదీ నుండి కోర్టు తానే వడ్డీ లెక్క కట్టుతుంది. మొదట నూటికి 6 ఉండినది, 1988లో సవరించి 18 చేసినారు. మన వాళ్లలో ఒకాయన బావమరిదికి కర్జె హసనా ఇచ్చి, వడ్డీ గడి ఖాళీగా వదిలి నోటు వ్రాయించుకొన్నాడనుకోండి. దావా పడితే ఆ ఖాళీ గడిలో చట్టము 18 అని పూరించుకొంటుంది. వాది నాకు వద్దు అని వదులుకోవచ్చును, అది వేరు. అయితే వడ్డీ లేని అప్పు అనేది ఒకటి ఉంటుందని చట్టము ఊహకే రాలేదని దీనివల్ల తెలియడం లేదా?

ఈ గోడల నడుమ మన వాళ్లు కిటికీలు వెదుక్కొన్నారు. దేవబంద్‌లో 1961లో ముస్లిం ఫండ్, హైదరాబాదులో 1966లో తూర్ బైతుల్‌మాల్, బొంబాయిలో 1976లో బైతున్నస్ర్ సహకార సంఘము ఏర్పడినవి. ఫండులు, బైతుల్‌మాళ్ల పద్ధతి సామాన్యముగా ఇది: నగ కుదువ పెట్టుకొని వడ్డీ లేకుండా అప్పు, ఖర్చులకు ఫారముల వెల. కొన్ని సొసైటీల చట్టము కింద, కొన్ని సహకార చట్టము కింద, కొన్ని ట్రస్టులుగా నమోదయినవి. ఏ తలుపులో దూరితే ఆ ఇంటి కట్టుబాటే. సొసైటీ అయితే ధర్మసంస్థ గనుక వ్యాపారములో పాలు పంచుకోరాదు. సహకార సంఘమైతే 1966 నుండి బ్యాంకు చట్టము దానికి కూడా వర్తించింది. అందుచేత ఈ సంస్థలన్నీ కర్జె హసనా దగ్గరే ఆగిపోయినవి. ఆపదలో ఉన్నవాడికి నగ మీద అయిదు వేలో పది వేలో ఇచ్చుట గొప్ప మేలే, దానిని మేము తక్కువ చేయడం లేదు. కాని నగే లేనివాడికి? ధర్మవరంలో మగ్గము వేసుకొనేవాడికి, కదిరి పక్కన బోరు వేయదలచినవాడికి నష్టములో పాలు పంచుకొనే పెట్టుబడి కావలెను. అది ఈ కిటికీలోనుంచి రాదు.

వేరే దేశాల సంగతి క్లుప్తముగా చూద్దాము. ఈజిప్టులో అహమద్ నజ్జార్ 1963లో మీత్ గమ్ర్ అన్న పట్టణములో పల్లె రైతుల పొదుపు బ్యాంకు పెట్టినాడు. నాసర్ ప్రభుత్వానికి అనుమానము రాకుండా ఇస్లామీ అన్న మాట వాడలేదు. రైతులు విరగబడి చేరినారు, అయినా నాలుగైదేండ్లలో ప్రభుత్వము దానిని తనలో కలిపేసుకొన్నది. పాకిస్తానులో 1979 నుండి 1985 లోపు ఫర్మానాల మీద వడ్డీని రద్దు చేసినారు. వడ్డీ పేరు పోయి మార్కప్ అన్న పేరు వచ్చింది, లెక్క మారలేదు. కోర్టులు 1991లో, 1999లో, తిరిగి 2022లో అది చెల్లదని తీర్పులిస్తూ వచ్చినవి, 2002లో పై కోర్టే వెనక్కి తీసుకొన్నది. నిజాం దర్బారు సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. మలేషియా 1983లో పాత బ్యాంకు చట్టమును కదిలించకుండా పక్కన ఇంకొక చట్టము చేసింది, బ్యాంకు నిలిచింది. ఇంగ్లండులో మతము మాటే ఎత్తలేదు. ఇల్లు బ్యాంకు కొని మళ్లీ మనకు అమ్మితే స్టాంపు డ్యూటీ రెండుసార్లు పడుతున్నదని గమనించి 2003లో ఆ రెండవ డ్యూటీ తీసివేసినారు. మరుసటి ఏడు అక్కడ ఇస్లామీ బ్యాంకు తెరిచినారు. ఒక పన్ను సవరణ చేసిన పనిని ఎన్నో ఫర్మానాలు చేయలేకపోయినవి.

మన దేశములో ఏమి జరిగినది? 1980లలో బెంగుళూరు, బొంబాయి నగరాలలో కంపెనీలుగా నమోదయి లాభనష్టాల పద్ధతిలో నడిచే సంస్థలు లేచినవి. 1984లో, 1997లో రిజర్వు బ్యాంకు చట్టానికి సవరణలు వచ్చినవి. నమోదు కాని సంస్థలు అప్పుల వ్యాపారానికి డిపాజిట్లు తీసుకోరాదు, ఫైనాన్స్ కంపెనీలకు లైసెన్సు, మూలధనము తప్పనిసరి. దేశమంతా ఫైనాన్స్ కంపెనీలు మునుగుతూ ఉన్న రోజులవి, కట్టుదిట్టము అవసరమే. ఆ జల్లెడలో మన సంస్థలలో చాలా వరకు రాలిపోయినవి. 2006లో ఆనంద్ సిన్హాగారి అధ్యక్షతన రిజర్వు బ్యాంకు బృందము ఇప్పటి చట్టముల కింద ఇస్లామీ బ్యాంకింగ్ సాధ్యము కాదని తేల్చింది. 2008లో రఘురాం రాజన్ సంఘము వడ్డీ లేని బ్యాంకింగ్ ఉండవలెనన్నది. 2015లో దీపక్ మొహంతీ సంఘము మామూలు బ్యాంకులలోనే వడ్డీ లేని విండో తెరవమన్నది. 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు, ఈ ప్రతిపాదనను ఇక ముందుకు తీసుకుపోము, అందరికీ బ్యాంకు సేవలు సమానముగా అందుబాటులో ఉన్నవి కదా అని సమాచార హక్కు కింద జవాబిచ్చింది. నడుమ కేరళలో ప్రభుత్వ సంస్థ 11 శాతము వాటాతో అల్ బరకా అన్న కంపెనీ పెట్టబోతే, లౌకిక రాజ్యము ఇట్లు చేయవచ్చునా అని హైకోర్టులో దావా పడింది. 2010లో నిలుపుదల, 2011 ఫిబ్రవరిలో దావా కొట్టివేత. కోర్టు రాజ్యాంగము అడ్డు కాదన్నది. అడ్డు బ్యాంకు చట్టములోనే ఉన్నదని దీనితో మరింత స్పష్టమయినది.

ఇదంతా జరుగుతున్న కాలములోనే మన రాష్ట్రములో ఒక వింత చూసినాము. వడ్డీ లేని రుణము అన్న మాట ప్రతి గోడ మీదా, ప్రతి ఎన్నికల సభలోనూ వినబడింది! 2004లో పావలా వడ్డీ, 2011-12 నుండి లక్ష రూపాయల లోపు పంట రుణానికి వడ్డీ లేదు, 2020లో మహిళా సంఘాలకు సున్నా వడ్డీ. పార్టీలు మారినా పేరు మార్చుకొని ఆ పథకమే. వడ్డీ లేకుండా అప్పు ఉండడం సాధ్యమేనని, ప్రజలకు కావలసినది అదేనని అన్ని పార్టీలూ ఒప్పుకొన్నట్లే కదా. మరి చట్టము ఒప్పుకొన్నదా? లేదు. బ్యాంకు తన వడ్డీ తాను తీసుకొంటూనే ఉంది. రైతు బదులు ప్రభుత్వము కట్టింది, అంతే. పైగా ఆ రాయితీ గడువు లోపల అప్పు తీర్చినవానికే. వాన పడి పంట చేతికి వచ్చిన ఏడు అనంతపురం రైతు గడువులో కట్టగలడు, వడ్డీ లేదు. కరువు వచ్చిన ఏడు కట్టలేడు, అప్పును తిరగవ్రాస్తారు, వడ్డీ మొదలవుతుంది. అప్పుపడినవాడు ఇబ్బందిలో ఉంటే కలిమి వచ్చేదాకా గడువు ఇవ్వమని సూరె బఖరాలో ఉన్నది. ఇక్కడి ఏర్పాటు దానికి సరిగ్గా తలక్రిందులు.

వడ్డీకి పైహద్దు పెట్టుట మాత్రము తిరిగి వచ్చింది. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద మన రాష్ట్రము తెచ్చిన ఆర్డినెన్సులో వడ్డీ అసలును మించరాదన్నారు. 1938 నాటి మాటకు దగ్గరి మాటే అది. అయితే రిజర్వు బ్యాంకులో నమోదయిన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టబద్ధమైన దారి లేనప్పుడు ఆ ఖాళీలో ఎవరు దూరుతారో 2018, 2019లలో చూసినాము. హైదరాబాదులో హీరా, బెంగుళూరులో ఐ.ఎం.ఏ. అన్న సంస్థలు హలాల్ లాభము పేరుతో వేలాది కుటుంబాల పొదుపు సేకరించి చెల్లింపులు నిలిపివేసినవి, కేసులు నమోదయి ముఖ్యులు అరెస్టయినారు. బెంగుళూరు సంస్థలో పొదుపుదారులను డిపాజిటుదారులు అనకుండా భాగస్థులు అన్నారు. ముషారకా అన్న పవిత్రమైన మాటను రిజర్వు బ్యాంకు కంట పడకుండా ఉండే తెరగా వాడుకొన్నారన్నమాట. నిజమైన భాగస్థుడికి లెక్కల పుస్తకము చూసే హక్కు ఉంటుంది. నెలనెలా చేతిలో పడే సొమ్మును చూసి పుస్తకము అడిగినవారు అరుదు. 2019లోనే అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టము వచ్చింది. ఇప్పుడు ఊరి జమాత్ పెద్దలు మంచి మనసుతో పది ఇండ్ల పొదుపు తెచ్చి ఒక పెట్టెలో పెట్టినా, ఏ చట్టము కింద పెట్టినారు అన్న ప్రశ్నకు జవాబు కాగితము మీద ఉండి తీరవలెను.

ఉన్న తలుపులలో మనకు కొంత వెడల్పయినది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టము. దీని కింద ప్రభుత్వ వాటా లేదు, జోక్యము తక్కువ, సభ్యులే ఉపనిబంధనలు వ్రాసుకొంటారు. వడ్డీ తీసుకోము, సేవా ఖర్చు మాత్రమే అని వ్రాసుకొనుటకు వీలున్నది. సభ్యులు కానివారి సొమ్ము ముట్టరాదు, ఆడిటు తప్పరాదు, ఎన్నికలు ఎగగొట్టరాదు. మన పెద్దలకు కష్టమనిపించేది ఆ చివరిదే అయి ఉండవచ్చును.

ఇంత చేసినా అది అప్పుల సంఘమే అవుతుంది, నష్టములో పాలు పంచుకొనే బ్యాంకు కాదు. నష్టములో పాలు పంచుకొనే పద్ధతి మన జిల్లాలో నేటికీ బ్రతికి ఉన్నది కోరు చేనులోనే, పాలుకు ఇచ్చిన గొర్రెల మందలోనే. అది నోటి మాట మీద నడుస్తుంది. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టము, 2019లో పదకొండు నెలల సాగు ఒప్పందాల చట్టము వచ్చినవి. 2019 చట్టము కింద భూమి యజమాని సంతకము పెడితేనే కార్డు. సంతకము పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయము. అందుచేత కోరుకు చేసే మనిషి పేరు బ్యాంకు పుస్తకములోకి ఎక్కదు. విత్తనాలకు డబ్బు కావలసినప్పుడు అతను పోయేది మండీకే, అక్కడ నూటికి మూడు.